ల్యాప్‌టాపు మూగబోయిన వేళ



"శబ్దం రావడం లేదు" అన్నది చూడడానికి చిన్న వాక్యమే. అందులో కర్త శబ్దమనీ, క్రియ వ్యతిరేకార్థకమనీ ఎనిమిదో తరగతి పిల్లవాడైనా చెబుతాడు. ఆ రాకపోవడానికి కారణమెవరో మాత్రం వాక్యం చెప్పదు. గడచిన ఆషాఢమాసంలో ఈ వాక్యమే కైకలూరు నుంచి ఫోనులో నా చెవిని పడింది. పలికినవారు సోషల్ మాస్టారు. ఇద్దరమూ ఏలూరు చుట్టుపట్ల హైస్కూళ్లలో కలిసి పనిచేశాము. నాకంటె రెండేళ్లు ముందుగా విశ్రాంతి పొంది, సొంత ఊరు చేరుకున్నారు.

ఆయనకు నీటికాసుల వ్యాధి. చూపు మధ్యలో చిన్న కిటికీ అంత మిగిలింది. అచ్చుపుస్తకం చదవడం మానుకొని ఐదేళ్లయింది. అయినా ఆయన చదువు ఆగలేదు. ఆయన ల్యాప్‌టాపులో (అంకోపరి అన్న మాట నాకు ముచ్చటగానే ఉంటుంది గానీ, జనం నోట ల్యాప్‌టాపే నిలిచింది) ఉబుంటు ఉంది. అందులో ఓర్కా అనే తెర చదువరి, దానికి గొంతునిచ్చే ఈస్పీక్ అనే ఉపకరణం ఉన్నాయి. రెండూ ఉచితమే. ఈస్పీక్‌కు తెలుగు వచ్చు. ఊపిరి తీసుకోకుండా, రైల్వేస్టేషనులో ప్రకటనలా చదువుతుంది. అయినా చదువుతుంది! వికీసోర్సులోని పాత పుస్తకాలు, పత్రికలు, పిల్లల ఉత్తరాలు, చివరకు గడియారంలో వేళ కూడా ఆయనకు ఆ గొంతే చెబుతుంది. ఒకనాటి ఉదయం ఆ గొంతు పోయింది.

కళ్లున్నవాడికి స్పీకరు పనిచేయకపోతే పాట వినబడదు, అంతే. ఆయనకు పుస్తకాల అలమర మొత్తానికి తాళం పడింది. పైగా ఇంకొక చిక్కు ఉంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి దొరికే సలహాలన్నీ తెర మీద చూసి చదవవలసినవి. ఆయనకు తెరను చదివిపెట్టేదే మూగబోయింది. యంత్రం తాను మూగనయ్యానని చెప్పడానికి కూడా దానికి గొంతు కావాలి కదా!

వారి అబ్బాయి తాడేపల్లిగూడెంలో ఉద్యోగం. అతడు అక్కడే ఒక దుకాణంలో చూపించాడు. దుకాణదారు పది నిమిషాలు చూసి, "మదర్‌బోర్డు పోయింది. కాదంటే ఈ లినక్సు తీసేసి విండోస్ వేయించుకోండి" అన్నాడట. ఒక రోగానికి సంబంధం లేని రెండు మందులు చెప్పి, నచ్చింది మింగమనడం నాకు నచ్చలేదు. "నిన్న రాత్రి అప్‌డేటు చేశాను మాస్టారూ, అప్పటి నుంచే" అని ఆయన మాటిమాటికీ అంటున్నారు. బస్సెక్కాను.

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారి కొల్లేటి మీదుగానే సాగుతుంది. ఈ ప్రాంతంలో పుట్టినవాడికి నీటి దారులు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. విజ్జేశ్వరం నుంచి గోదావరి నీరు, విజయవాడ నుంచి కృష్ణ నీరు, రెండు కాలువల్లో ఏలూరు చేరతాయి. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు కొల్లేటిలో కలుస్తాయి. కొల్లేరు నుంచి సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. శివారు చేనుకు నీరందకపోతే రైతు చేను తవ్వుకోడు. కాలువ వెంట పైకి నడుస్తాడు: బోదె చూస్తాడు, తూము చూస్తాడు, లాకు చూస్తాడు. ఎక్కడ నీరుందో, ఎక్కడ లేదో, ఆ రెంటి నడుమ ఉన్నదే లోపం.

ల్యాప్‌టాపులోని స్పీకరు కూడా శివారు చేనే. శబ్దం దాని దాకా రావాలంటే పాట పాడే ప్రోగ్రాము నుంచి బయలుదేరి శబ్దాలను పంచిపెట్టే సర్వరులోకి, అక్కడి నుంచి కెర్నెల్‌లో ఉండే ఆల్సాలోకి, దాని నుంచి కోడెక్ అనే చిప్పులోకి దిగాలి. అంకెలను విద్యుత్తరంగాలుగా మార్చేది ఆ చిప్పే. ఆ తరంగాలకు బలం చేకూరాక స్పీకరు కదులుతుంది. మేము చదువుకున్న శిక్షాశాస్త్రంలోనూ శబ్దోత్పత్తి ఇలాగే మెట్లు మెట్లుగా ఉంటుంది: ఆత్మ, బుద్ధి, మనస్సు, దేహాగ్ని, వాయువు, చివరకు నోటిలోని స్థానాలు. ఏ మెట్టు తప్పినా మాట పుట్టదు.

ఇక్కడ కొంచెం వంశచరిత్ర అవసరం. ఆల్సాను చెక్ దేశీయుడు యారొస్లావ్ కిసెలా 1998లో ఆరంభించాడు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్ నాటికి అది లినక్సులో స్థిరపడింది. దాని మీద, ఒకేసారి నాలుగు ప్రోగ్రాముల శబ్దాలను కలిపి పంపడానికి, 2004లో లెనార్ట్ పోటరింగ్ మొదలుపెట్టిన పల్స్ ఆడియో వచ్చింది. 2008 నాటి ఉబుంటు 8.04లో చేరింది. దాని స్థానాన్ని ఇప్పుడు విమ్ టేమన్స్ రాసిన పైప్‌వైర్ తీసుకుంది. ఫెడోరాలో 2021 నుంచి, ఉబుంటులో 2022 అక్టోబరు నుంచి శబ్దసేవ దానిదే. పాత ప్రోగ్రాములు బెదరకుండా ఉండేందుకు అది పల్స్ ఆడియో వేషం కూడా కడుతుంది. తాత, తండ్రి, కొడుకు ఒకే ఇంట్లో ఉన్నట్లన్నమాట. అందుకే ఎక్కడో దొరికిన సలహాను పాటించేముందు అది ఏ తరం వారికి రాసినదో చూసుకోవాలి. 2009 నాటి ఆదేశాలను నేటి యంత్రానికి వడ్డిస్తే ఉన్న గొంతు కూడా పోయే ప్రమాదముంది. ఈ విషయంలో నాకు కొంచెం చాదస్తమే అనుకోండి.

మాస్టారి ఇంట్లో మొట్టమొదట చేసిన పని హెడ్‌ఫోను గుచ్చడం. ఈస్పీక్ గొంతు చక్కగా వినబడింది. మాస్టారి ముఖం వెలిగింది గానీ నేను పొంగిపోలేదు. దాని అర్థం ఇంతే: ప్రోగ్రాము, పైప్‌వైర్, ఆల్సా, కోడెక్ అన్నీ పనిచేస్తున్నాయి. లాకుల దాకా నీరుంది. చివరి బోదెలోనే అడ్డు. ఇంత తేలడానికి అరనిమిషం పట్టింది. మదర్‌బోర్డు సంగతి అప్పటికే సగం వీగిపోయింది.

హెడ్‌ఫోను తీసేశాను. మళ్లీ మౌనం. తెర మీద శబ్దం మీట నూటికి నూరు చూపిస్తోంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. ఆ నూరు పైనున్న తూము ఎంత తెరిచారో చెప్పే లెక్క. కింది తూము సంగతి దానికి పట్టదు.

అమరికలలో శబ్దం పుట తెరిచి "అవుట్‌పుట్ డివైస్" చూశాను. అక్కడ "డమ్మీ అవుట్‌పుట్" అని ఉంటే కెర్నెల్ అసలు సౌండుకార్డునే గుర్తించలేదని అర్థం. కొత్త ఇంటెల్ యంత్రాలలో ఫర్మ్‌వేర్ లోపిస్తే అలా జరుగుతుంది. "హెచ్‌డీఎంఐ" అని ఉంటే శబ్దమంతా లేని టీవీకి పోతోందన్నమాట; వరుస మార్చుకుంటే చాలు. మాస్టారి యంత్రంలో ఆ రెండూ లేవు. "హెడ్‌ఫోన్స్" అని ఉంది. హెడ్‌ఫోను నా చేతిలో ఉంది!

వెంట తెచ్చుకున్న పెన్‌డ్రైవు నుంచి మరొక కొత్త ఉబుంటును లేపి చూశాను. లోపం మాస్టారి అమరికలదే అయితే, ఏమీ మార్చని కొత్త వ్యవస్థలో శబ్దం రావాలి. రాలేదు. పైగా అది కూడా "హెడ్‌ఫోన్స్" అనే చెప్పింది. పరస్పరం ఎరుగని ఇద్దరు సాక్షులు ఒకే అబద్ధం చెబుతున్నారంటే, ఆ అబద్ధం వారిద్దరికీ కింద ఉన్నచోట పుట్టి ఉండాలి. అంటే గుచ్చే రంధ్రంలో. అప్‌డేటు నిర్దోషి. కాకి వాలడమూ, తాటిపండు రాలడమూ ఒకే క్షణాన జరిగాయి. కాకతాళీయన్యాయానికి ఇంతకంటె మంచి ఉదాహరణ పాఠం చెప్పిన రోజుల్లో నాకు దొరకలేదు.

మాస్టారి మనవరాలు తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుతోంది. ఫోనులో పలకరిస్తే ఆల్సామిక్సర్ తెరవమంది. టెర్మినల్‌లో ఆ పేరు కొడితే నల్లని తెర మీద నిలువు గడులు వచ్చాయి. "తాతగారూ, ముందు ఎఫ్ 6 నొక్కి అసలు కార్డు ఎంచుకోండి. మొదట కనబడేది పైపై తెర మాత్రమే" అంది. ఎంచుకోగానే గడులు బారులు తీరాయి. హెడ్‌ఫోను గడి అడుగున రెండు సున్నలు. అంటే దారి తెరిచి ఉంది. స్పీకరు గడి అడుగున రెండు ఎమ్‌లు. అంటే మూత పడింది. (మౌనం, మూగ, మూత, వారి మ్యూట్. అన్నింటా మకారమే. పెదవులు మూసి పలికే అక్షరం గనుక కాబోలు.) ఎమ్ మీట నొక్కితే స్పీకరుకూ సున్నలు వచ్చాయి. శబ్దం రాలేదు.

"కుడివైపు చివరిదాకా వెళ్లండి. ఆటోమ్యూట్ మోడ్ ఉంటుంది" అంది అమ్మాయి. ఉంది. హెడ్‌ఫోను గుచ్చగానే స్పీకరు నోరు తనంతట తాను మూయించే ఏర్పాటు అది. రైల్లో కూర్చున్నప్పుడు మన పాట పక్కవారి మీద పడకుండా కాపాడేది అదే. బాణం మీటతో దాన్ని "డిజేబుల్డ్" చేశానో లేదో, ఈస్పీక్ గొంతెత్తింది. తెర మీద ఉన్నదంతా, గడుల పేర్లతో సహా, గబగబా అప్పజెప్పింది. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "టైమెంతయిందో దాన్ని చెప్పనీయండి" అన్నారు.

ఇది చికిత్సే గానీ రోగం కుదరలేదు. ఆ 3.5 మిల్లీమీటర్ల రంధ్రంలో చిన్న స్పర్శపత్రం ఉంటుంది. పుల్ల లోపలికి పోయిందా లేదా అని చెప్పేది అదే. తేమకూ దుమ్ముకూ చిలుము పట్టి అది ఒకవైపే నిలిచిపోతే, ఖాళీ రంధ్రంలో హెడ్‌ఫోను ఉన్నట్లు యంత్రం భ్రమిస్తుంది. కొల్లేటి గాలిలో తేమకు కొదవేముంది! సాయంత్రం నా పాత శిష్యుడొకడు వచ్చాడు. లంక గ్రామాలలో చేపల చెరువుల మీద ఏరేటర్ల మోటార్లు బాగుచేస్తుంటాడు. "మా స్విచ్చులకూ ఇదే జబ్బండీ మాస్టారూ" అంటూ, యంత్రం ఆపించి, తన సంచిలోని కాంటాక్ట్ క్లీనరు ఆ రంధ్రంలో కొద్దిగా చల్లి, హెడ్‌ఫోను పుల్లను పదిపదిహేనుసార్లు గుచ్చి తీశాడు. ఆరనిచ్చి, మళ్లీ వెలిగిస్తే అమరికలలో "హెడ్‌ఫోన్స్" మాయమై "స్పీకర్స్" వచ్చింది. వాడు సైన్సులో అత్తెసరు మార్కులవాడు. ఆ దుకాణదారు ఏమి చదివాడో నాకు తెలియదు.

తేమ మళ్లీ వస్తుంది. అప్పుడు ఆ ఇంట్లో కళ్లున్నవారెవరూ ఉండకపోవచ్చు. అందుకని ఆ రాత్రి ఒక చిన్న ఏర్పాటు చేశాను. ఆల్సామిక్సర్‌కు కళ్లు కావాలి గానీ, దాని తమ్ముడు ఏమిక్సర్‌కు అక్కరలేదు; ఆదేశం రాసిస్తే చాలు. మొదటి ఆదేశం పైప్‌వైర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. రెండవది ఆటోమ్యూట్‌ను తీసేస్తుంది. మూడవది స్పీకరు మూత తెరిచి, శబ్దాన్ని నూటికి డెబ్బైకి తెస్తుంది. నాల్గవది "మాస్టారూ, నమస్కారం" అని ఈస్పీక్ చేత పలికిస్తుంది. ఈ నాలుగింటినీ ఒక దస్త్రంలో పెట్టి, మూడు మీటలు కలిపి నొక్కితే నడిచేటట్లు కట్టాను. ఆ మీటల మీద రెండు చోట్ల ఫెవికాల్ బొట్లు పెట్టాను, వేలికి తగిలేటట్లు. చీకట్లో పదిసార్లు నొక్కించి చూశాను. పదిసార్లూ నమస్కారం వచ్చింది. వీటికి తోడు ఒక యూఎస్‌బీ సౌండు అడాప్టరు కూడా కొనిపించాను. బొటనవేలంత ఉంటుంది. దానిలో దాని కోడెక్ దానికే ఉంటుంది గనుక, లోపలి దారి మొత్తం పూడుకుపోయినా అది వేరే కాలువ.

నాకు కోపం తెప్పించిన సంగతి ఒకటి చెప్పక తప్పదు. మెనూలను తెలుగులోకి తెచ్చిన స్వచ్ఛంద కార్యకర్తల శ్రమ నేనెరుగుదును. స్వేచ్ఛ వంటి సంస్థలు చేసిన పనికి చేతులెత్తి మొక్కుతాను. కానీ యంత్రం చెడ్డ రోజున మనిషికి ఎదురయ్యేది మెనూ కాదు, ఆల్సామిక్సర్ వంటి నల్లని తెర. దాని వాడుక గురించి తెలుగులో, అందునా చూపు లేనివారు విని చేయగలిగినట్లు, రాసిపెట్టడం పండితులకు మించిన పనేమీ కాదు. నాలుగు ఆదేశాలు. ఒక్కొక్కదానికి రెండేసి వాక్యాల వ్యాఖ్యానం. ప్రబంధాలకు టీకాతాత్పర్యాలు రాసినవాళ్లం!

ఇప్పుడు మాస్టారికి కొత్త కోరిక పుట్టింది. పోతన పద్యాన్ని కూడా ఆ గొంతు వార్తల్లాగే చదివేస్తోందట. యతి దగ్గర ఒక్క క్షణం ఆగేటట్లు చేయమన్నారు. తెలుగు యతి అక్షరమైత్రే గాని విరామం కాదు, అక్కడ కామా పెడితే పదం నడిమికి విరుగుతుందని ఫోనులోనే అరగంట వాదించుకున్నాము. చివరకు పాదాంతంలో తెగిన పదాలను కలిపి, అన్వయం చూసి, అర్థం ఆగేచోట కామాలు పెడుతున్నాను. కామా కనబడితే ఈస్పీక్ ఆగుతుంది. గజేంద్రమోక్షంలో ఇప్పటికి పదకొండు పద్యాలయ్యాయి.