గోల్కొండను రెండుసార్లు చూశాము



గోల్కొండ కోటకు మేము రెండుసార్లు వెళ్ళాము. మొదటిసారి యాభైమందిమి వెళ్ళి ఏమీ చూడలేకపోయాము. రెండవసారి నలుగురమే వెళ్ళి కన్నులారా చూశాము. సెలవులకు పిల్లలతో ప్రయాణం కట్టే కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఆ సంగతి వ్రాస్తున్నాము.

మొదటి ప్రయాణం దసరా సెలవుల్లో. సంఘస్థులందరూ కలిసి బస్సు మాట్లాడారు. శుక్రవారం రాత్రి కోనసీమలో బయలుదేరి, శనివారం అన్నీ చూసి, ఆదివారం ఆరాధనవేళకు తిరిగి చేరాలని ఏర్పాటు. కోట చేరేసరికి పదకొండు గంటలు దాటింది. గుమ్మం దగ్గర తీర్థంలో ఉన్నంత జనం. ప్రతివారూ చప్పట్లు కొట్టేవారే, ఎవరి చప్పుడు ఎవరిదో తెలియదు. "నడవండి, నడవండి" అని అందరినీ తొందరపెట్టి కొండ ఎక్కించి దించాము. బస్సు కదిలేముందు తలలు లెక్కపెడితే ఒక తల తక్కువైంది.

ఆమె మా సంఘంలో ఒక మామ్మగారు, విధవరాలు. మోకాళ్ళ నొప్పులవలన మెట్ల దగ్గరే ఆగిపోయారట. అందరూ తమ సంచులు ఆమెకు అప్పగించి పైకి పోయారు. మూడు గంటలు ఎండలో ఆ సంచుల మధ్య కూర్చున్నారు. మేము వెనక్కి పరుగెత్తి వెళితే నవ్వుతూ, "అయ్యగారూ, మీరంతా కోట చూశారు, నేను సంచులు చూశాను" అన్నారు.

ఆమె నవ్వుతూనే అన్నారు గాని, ఆ మాట మమ్మును వదలలేదు. మందను నడిపించేవాడు ఒకరిని వెనుక విడిచి, ఆ సంగతి గంటల తరబడి ఎరుగకుండా ఉండడం చిన్న తప్పు కాదు. తరువాతి సంవత్సరం నవంబరులో మామ్మగారిని, ఐటిఐ చదివే ఆమె మనవడిని వెంటబెట్టుకొని మేమూ మా యింటివారూ మరల బయలుదేరాము. సోమవారం రాత్రి రాజమండ్రిలో బండి ఎక్కి, మంగళవారం ఉదయం తెలిసినవారి ఇంట స్నానాలు ముగించుకొని, ఎనిమిది గంటలకే కోట ప్రాకారం చేరాము.

కోటలోనికి అనుమతి తొమ్మిది గంటలకు. మిగిలిన ఆ గంట మాకు ఎంతో మేలు చేసింది. గోల్కొండ అంటే కొండమీది కట్టడమే అని మనం అనుకుంటాము. నిజానికి అది ప్రాకారం గల ఒక పట్టణం. బయటి గోడకు 87 బురుజులు, 8 ద్వారాలు, చుట్టూ కందకం. కొండమీది బాలాహిస్సారు దానిలో ఒక భాగం మాత్రమే. గోడ లోపల నేటికీ ఇళ్ళు, బడులు, మసీదులు, అంగళ్ళు ఉన్నాయి. యాత్రికులు నేరుగా కొండ దగ్గర దిగి, కొండ ఎక్కి, బస్సెక్కి పోతారు. కనుక ఈ పట్టణమంతా చూసేవారు లేక ప్రశాంతంగా ఉంటుంది.

బైబిలులో నెహెమ్యా యెరూషలేము ప్రాకారాన్ని చూడబోయిన విధం మనం ఎరిగినదే. పరివారంతో ఆర్భాటంగా పోలేదు. రాత్రివేళ కొద్దిమందినే తీసుకొని, గుమ్మాలు, కూలిన చోట్లు చూసుకొంటూ వెళ్ళాడు. మేమును ఆలాగే మొదట గోడను, గుమ్మాన్ని చూశాము.

ఫతే దర్వాజా దగ్గర చాలాసేపు నిలిచాము. ఫతే అంటే విజయం. ఏనుగులు తలతో కుమ్మకుండా ఆ పెద్ద తలుపులకు ఇనుప మేకులు కొట్టారు. దానిగుండా ఆటోలు, స్కూలు పిల్లలు ఇప్పటికీ రాకపోకలు సాగిస్తున్నారు. 1687లో ఔరంగజేబు సైన్యం సుమారు ఎనిమిది నెలలు ఈ కోటను ముట్టడించింది. ఫిరంగులకు గోడ లొంగలేదు. చివరకు లోపలి ఉద్యోగి ఒకడు లంచానికి ఆశపడి రాత్రివేళ తలుపు తీయించాడు. అబ్దుల్ రజాక్ లారీ అనే సేనాని ఒళ్ళంతా గాయాలైనా పోరాడాడు గాని ఫలితం లేకపోయింది. ఏటిగట్టు క్రింద బ్రతికే మనకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదల్లో గట్లు తెగడం చూసినవారు మనలో ఉన్నారు. గట్టు ఎంత ఎత్తైనా ఒక్కచోట బలహీనమైతే చాలు.

ఎదురుగా టీ కొట్టు యజమాని మామ్మగారిని చూసి, అడగకుండానే కుర్చీ తెచ్చి వేశాడు. ఆయనకు ఉర్దూ, ఆమెకు తెలుగు. అయినా మోకాళ్ళ నొప్పుల విషయం ఇద్దరూ చక్కగా మాట్లాడుకున్నారు.

తొమ్మిదికి బాలాహిస్సారు గుమ్మం తెరిచారు. మాతో కలిపి పదిమంది కూడా లేరు. ఈ గుమ్మం కప్పు క్రింద చప్పట్లు కొడితే కొండకొనను వినబడుతుందని ప్రసిద్ధి. శత్రువు వచ్చాడనో, అతిథి వచ్చాడనో పైవారికి తెలిపే ఏర్పాటు. పైకి సుమారు 360 మెట్లు. మా యింటివారు, మనవడు ఎక్కారు. మేము ఈసారి మామ్మగారి ప్రక్కనే ఉన్నాము. వారు పైకి చేరి ఫోను చేయగానే ఆమె లేచి, కొంగు సర్దుకొని, చప్పట్లు కొట్టారు. తరువాత ఆ కుర్రవాడు ఆయాసపడుతూ దిగివచ్చి, "మామ్మా, ఐదుసార్లు కొట్టావు, లెక్కపెట్టాను" అన్నాడు. ఆమె కన్నులు చెమర్చాయి. కొట్టినది ఐదుసార్లే. పైకి ఎక్కలేని మనిషి తన చప్పుడును కొండెక్కించింది. మొదటిసారి వేలమంది కొట్టిన చప్పట్లలో ఇది సాధ్యమయ్యేది కాదు.

నేలమీదనే చూడదగినవి ఇంకా ఉన్నాయి. గోడలలో పాతిన మట్టి గొట్టాలను ఆమెకు చూపించాము. ఎద్దులు చక్రాలు త్రిప్పుతుంటే నీరు ఒక తొట్టి నుండి దానిపై తొట్టికి, ఆలాగు అంచెలంచెలుగా కొండపైకి చేరేదట. లాకులు ఎత్తితే కాలువ నిండే దేశంనుండి వచ్చిన మాకు, నీటిని కొండ ఎక్కించిన వారి శ్రమ ఆశ్చర్యం కలిగించింది. భద్రాచల రామదాసుగా పేరుపొందిన కంచర్ల గోపన్నను ఈ కోటలోనే బంధించారు. ఆ చెర పైన మెట్ల దారిలో ఉంది.

మన డెల్టాకు ఈ కోట పరాయిది కాదు. పదహారవ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలాన రాజమహేంద్రవరం గోల్కొండ ఏలుబడిలోకి వచ్చింది. పాలకొల్లులో డచ్చివారు, నరసాపురం దగ్గర మాధవాయిపాలెంలో ఇంగ్లీషువారు గోల్కొండ రాజ్యంలోనే బట్టల వర్తకం చేశారు. మన నేతగాళ్ళ చెమట కూడా ఈ ఐశ్వర్యంలో ఉన్నది.

పదకొండు గంటలకు బస్సులు వరుసగా రాసాగాయి. వెంటనే బయటికి వచ్చి, ఆటోలో బంజారా దర్వాజా మీదుగా కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్ళాము. అక్కడ నేల చదును, చెట్ల నీడ ఉంది. 2013లో మొదలైన మరమ్మతులు 2024లో ముగిశాయి. పెద్దవారు నెమ్మదిగా తిరగడానికి అనువైన చోటు. క్యారేజీ విప్పి బయట భోజనం చేశాము. రాజులందరి సమాధుల మధ్య కడపటి రాజు తానీషాకు మాత్రం చోటు లేదు. అతడు దౌలతాబాదులో బందీగా చనిపోయాడు. మామ్మగారు అది విని, "పాపం, ఇంటికి రాలేదన్నమాట" అన్నారు.

వెళ్ళదలచినవారికి కొన్ని మాటలు. శని, ఆదివారాలు, సెలవులు మానండి. ఆషాఢంలో బోనాలు గోల్కొండలోనే మొదలవుతాయి గనుక గురు, ఆదివారాల్లో జనం ఎక్కువ. ఆగస్టు 15కు ముందు రోజుల్లో పంద్రాగస్టు ఏర్పాట్లుంటాయి. శుక్రవారం సమాధుల ఆవరణ మూసి ఉంటుంది. తొమ్మిదికి ముందే చేరి మొదట గుమ్మాలు చూడండి. కొండ ఎక్కేవారు ఎండ ముదరకముందే ఎక్కండి. లోపల కాపురమున్నవారి ఇళ్ళ ముందు అడగకుండా ఫోటోలు తీయకండి, మన వాకిట అపరిచితులు తీస్తే మనం ఒప్పుకోము గదా. అన్నిటికంటె ముఖ్యంగా, మీలో మెట్లు ఎక్కలేనివారు ఎవరో ముందే తెలుసుకొని, వారి ప్రక్కన ఉండేవారు ఎవరో బయలుదేరకముందే నిర్ణయించండి.

తిరుగు బండిలో మామ్మగారు తన సంచి తలక్రింద పెట్టుకొని హాయిగా నిద్రపోయారు. ఈసారి ఆమె దగ్గర ఉన్నది ఆమె సంచి ఒక్కటే.