మామిడితోటలో పడవ

మే నెలలో నూజివీడు వెళ్తే మామిడిచెట్టు కింద ఏం కనిపిస్తాయో మీకు తెలుసు. కాయల గుట్టలు, ప్లాస్టిక్ ట్రేలు, వరిగడ్డి, ఓ నులక మంచం, దాని మీద సెల్‌ఫోన్ చూసుకుంటూ కాపలా మనిషి. పోయిన వేసవిలో మా చిన్నమామయ్య తోటలో వీటితో పాటు ఓ పడవ కూడా ఉంది. రెండు పాత మామిడి పెట్టెల మీద ఎత్తుగా పెట్టి, చిన్నరసం చెట్టు నీడలో ఆరబెట్టారు. రోడ్డు మీద పోయే ట్రాక్టర్ల వాళ్లు ఆగి మరీ అడిగేవాళ్లు. "ఏమండీ, వరద వస్తుందని ముందే తెలిసిందా?"

చుట్టూ ఎర్ర నేల. చెరువు కూడా ఎండిపోయి ఉంది. అక్కడికి పడవ ఎందుకొచ్చిందో చెప్పాలంటే కైకలూరు దాకా వెళ్లాలి.

మామయ్యకి నూజివీడు దగ్గర తోట ఉంది. కైకలూరు అవతల ఓ చేపల చెరువు కౌలుకి తీసుకున్నాడు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక రెండూ ఏలూరు జిల్లాలోకే వచ్చాయి గానీ, చూడటానికి రెండు వేరే దేశాల్లా ఉంటాయి. నూజివీడు మెరక, కైకలూరు పల్లం. హనుమాన్ జంక్షన్ దాటి గుడివాడ, ముదినేపల్లి మీదుగా వెళ్తుంటే ఎర్రమట్టి పోయి నల్లమట్టి వస్తుంది, మామిడిచెట్లు పోయి కొబ్బరిచెట్లు వస్తాయి, చివరికి చెట్లు కూడా పోయి నీళ్లే మిగుల్తాయి. ఈ మెరక మీద పడ్డ వాన తమ్మిలేరు, రామిలేరు, బుడమేరుల్లో పడి వెళ్లేది కొల్లేటికే. "నా తోటలో వాన నా చెరువు దగ్గరికే పోతుందిరా అల్లుడూ" అంటాడు మామయ్య. ఆయన చెరువు కొల్లేరు అభయారణ్యం హద్దుకి బయట ఉంది. ఆ హద్దు గొడవ పెద్ద కథ, 1999లో అభయారణ్యంగా ప్రకటించడం, 2006లో చెరువుల గట్లు కొట్టేయడం అన్నీ అందులోకి వస్తాయి. అది ఇంకోసారి.

చెరువులో బొచ్చె, రాగండి చేపలు. వాటికి మేత ఎలా వేస్తారో ఎప్పుడైనా చూశారా? గుప్పిళ్లతో చల్లరు. నూనె తీసిన తవుడు, వేరుశెనగ చెక్క కలిపి, కింద చిల్లులు పెట్టిన సంచుల్లో నింపుతారు. నీళ్లలో వరసగా పాతిన వెదురు గెడలకి ఆ సంచులు కడతారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి లాగి తింటాయి. తెల్లారేసరికి ఈ పని మొదలవ్వాలి. ఒక మనిషి, ఒక పడవ, ఒక్కో గెడ దగ్గరా ఆగడం, వంగడం, కట్టడం.

ఆ మనిషి నిలబడేది పడవ ముందు భాగంలో బిగించిన ప్లైవుడ్ పలక మీద. పుస్తకాల్లో డెక్ అంటారు, మావాళ్లు బల్ల అంటారు. పడవ అడుగు ఫైబర్‌ది, బల్ల మాత్రం చెక్క. సంచుల్లోంచి తవుడు రాల్తుంది, దాని మీద నీళ్లు పడతాయి. తడి తవుడు ఎంత జారుడో చెప్పాలంటే, పండు మామిడి తొక్క మీద కాలేసినట్టే. పైగా అంతకు ముందు ఏడాది మామయ్య ఆ బల్లకి అద్దంలా మెరిసే నీలం ఎనామెల్ రంగు వేయించాడు. ఫొటోలో మాత్రం బ్రహ్మాండంగా ఉండేది.

ఆ ఆగస్టులో చెరువు కుర్రాడు జారాడు. శ్రీకాకుళం వైపు నుంచి భార్యతో వచ్చి గట్టు మీద పాకలో ఉంటాడు. ఈత అంతంత మాత్రం. పడ్డప్పుడు కాలికి గెడల తాడు చుట్టుకుంది. పక్క చెరువు వాళ్లు చూసి లాగారు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత అతను బల్ల మీద నిలబడటం మానేశాడు. మోకాళ్ల మీద పాకుతూ సంచులు కట్టేవాడు. గంట పని రెండు గంటలైంది, మోకాళ్లు పుళ్లయ్యాయి. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక అతని భార్య మామయ్యకి ఒకటే మాట చెప్పింది. "బల్లయినా మార్చండి బాబూ, మనిషినైనా మార్చుకోండి."

అందుకే చెరువు పట్టుబడి అయిపోయిన వెంటనే పడవని మినీ వ్యాన్ ఎక్కించి నూజివీడు తెచ్చాడు మామయ్య. గట్టు మీద నీడా ఉండదు, చెక్క ఆరే చోటూ ఉండదు. ఇక్కడైతే రెండూ ఉన్నాయి, పైగా వడ్రంగి తాత ఉన్నాడు. ఒకప్పుడు సీజన్ అంతా మామిడి పెట్టెలు కొట్టిన చెయ్యి ఆయనది. ప్లాస్టిక్ ట్రేలు వచ్చాక ఆ పని పోయింది, ఇప్పుడు తలుపులూ కిటికీలూ చూసుకుంటున్నాడు. నేను సెలవుల్లో రసాలు తినడానికి వెళ్లి, "నీకు ఫోన్ ఉందిగా, ఏం రంగు వేయాలో చూసి చెప్పు" అన్న మాటకి ఇరుక్కుపోయాను.

ఫోన్‌లో చూస్తే తల తిరిగింది. ప్రతి వీడియోలోనూ ఎవరో విదేశీయుడు బూట్లేసుకుని తెల్లటి పడవ మీద నడుస్తుంటాడు. మన కుర్రాడు వట్టి కాళ్లతో నిలబడతాడు. తేడా అక్కడే మొదలవుతుందని నాకు మొదటి రోజు తట్టలేదు.

రబ్బరు చాప అంటిస్తే? తాత ఒప్పుకోలేదు. "చాప కింద నీళ్లు చేరితే బయటికి రావు బాబూ, పైకి బాగానే ఉంటది, లోపల చెక్క అటుకులైపోద్ది." గరుకు టేపు? మెట్లకి బాగుంటుంది, కానీ తవుడు బురద అంచుల్లోకి దూరితే నెలలో లేచిపోతుంది. తారు? మే ఎండకి కరిగి కాలికి అంటుకుంటుంది, నల్లటి బల్ల మీద వట్టికాలు పెట్టలేం, పైగా కింద చేపలున్నాయి. చివరికి మిగిలింది పాత పద్ధతే: చెక్కకి ఎపాక్సీ పట్టించి, దాని మీద ఇసుక చల్లి, పైన లేత రంగు పూత వేయడం.

రంగుకి ముందు చెక్క సంగతి. పాత బల్ల అంచుల దగ్గర ఉబ్బి పొరలుగా విడిపోయింది. ప్లైవుడ్ చచ్చేది ఎప్పుడూ అంచుల నుంచే, మేకు రంధ్రాల నుంచే. పైన ఎంత రంగేసినా పక్కనుంచి నీళ్లు తాగుతుంది. కొత్త షీటు కొనడానికి వెళ్తే కొట్టతను "వాటర్‌ప్రూఫ్ అండీ" అని ఏదో చూపించాడు. మీరు కొనేటప్పుడు మాటలు వినకండి, షీటు మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 కింద వచ్చే బీడబ్ల్యూఆర్ రకాన్ని 8 గంటలు నీళ్లలో ఉడికించి పరీక్షిస్తారు. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లై, దాన్ని 72 గంటలు ఉడికిస్తారు. మేం రెండోది తీసుకున్నాం, 12 మిల్లీమీటర్ల మందం. డబ్బులిస్తూ మామయ్య నా వైపు చూసిన చూపు చెప్పలేను.

తర్వాత నేను చేసిన వెధవ పని. రంగు డబ్బాలోనే ఇసుక పోసి కలిపేశాను, ఒక్క చేత్తో పని అయిపోతుందని. ఇసుక అడుక్కి దిగిపోయింది. ఓ చోట బ్రష్‌కి ముద్దలుగా వచ్చింది, ఇంకో చోట వట్టి రంగే. ఎండాక చూస్తే బల్ల మీద దద్దుర్లు లేచినట్టుంది. అదృష్టం కొద్దీ అది చెత్త ముక్క మీద వేసిన ట్రయల్. తాత ఏమీ అనలేదు, వెళ్లి టీ తాగొచ్చాడు.

ఇసుక తడి పూత మీద పైనుంచి చల్లాలి. ఎంత గరుకు ఉండాలన్నది అసలు ప్రశ్న. ఇంటి దగ్గర కట్టుబడికి పోసిన ఏటి ఇసుక తెచ్చి కడిగాం, ఎండబెట్టాం. తోటలో ఎర్రమట్టి కలిసిందో ఏమో, ఐదోసారి కడిగినా నీళ్లు ఎర్రగానే వచ్చాయి. మట్టి ఉంటే పూత పట్టదు, అందుకని వదల్లేదు. అత్తయ్య వంటింటి జల్లెడలు అన్నీ వాడేశాం. మూడు రకాలు తేలాయి: గోధుమపిండంత మెత్తనిది, బొంబాయి రవ్వంత, ఆవగింజంత. మూడు చెక్క ముక్కల మీద మూడూ వేసి పక్కన పెట్టాం.

మామయ్యకి ఆవగింజ రకం నచ్చింది. "ఇది చూడు, ఏనుగు ఎక్కినా జారదు" అన్నాడు. నాకూ అదే అనిపించింది. కానీ ఎక్కేది మేం కాదు కదా. మామిడి లోడు దింపి తిరిగొచ్చే వ్యాన్‌లో కుర్రాణ్ణీ భార్యనీ రమ్మన్నాం.

అతను వస్తూ ఓ సంచిలో తవుడు తెచ్చుకున్నాడు. ఆ ఆలోచన మా ఎవరికీ రాలేదు. మూడు ముక్కల మీదా తడి తవుడు పోసి, చెప్పులు విడిచి, ఒక్కొక్కటే ఎక్కాడు. మెత్తని ఇసుక సందుల్లో తవుడు నిండిపోయి రెండు నిమిషాల్లో నున్నగా అయిపోయింది, అది పోయింది. ఆవగింజ ముక్క ఎక్కి, దిగి, పాదం తిప్పి చూపించాడు. ఎర్రగా గీతలు. "ఇది జారదు గానీ బాబూ, నెలకి కాలుండదు." బొంబాయి రవ్వ ముక్క మీద చాలాసేపు నిలబడ్డాడు. వంగాడు, లేచాడు, ఒంటికాలి మీద నిలబడ్డాడు. భార్య దూరం నుంచి చూస్తోంది.

అది ఖాయమైందనుకుంటే, అతను తవుడు సంచి తీసి ఆ ముక్క మీద బరబరా లాగాడు. ప్లాస్టిక్ సంచి అడుగున పోగులు లేచాయి. అప్పుడు చెప్పాడు. గెడకి కట్టేముందు సంచిని బల్ల అంచు మీదుగా జార్చి నీళ్లలోకి దించుతాడట. అక్కడ గరుకుంటే సంచి పట్టేస్తుంది. సంచి పట్టేస్తే మనిషి ముందుకు తూలతాడు. పోయినసారి పడ్డది కూడా కాలు జారినందుకు మాత్రమే కాదు, సంచి మేకుకి పట్టినందుకు. ఏడాదిగా ఆ సంగతి మమ్మల్ని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. "ముందు జానెడు నున్నగా వదిలేయండి. కాలు పెట్టే చోటే గరుకు."

కాలు ఆగాలి, బస్తా జారాలి. ఒకే బల్ల మీద రెండూ. తాతకి ఇది వెంటనే ఎక్కింది. నూజివీడు వీణలకి పేరున్న ఊరు కదా, ఇక్కడ పనసచెక్కతో వీణలు చేస్తారు. వేలు ఎక్కడ జారాలో ఎక్కడ ఆగాలో చెక్క పని చేసేవాడే చూసుకోవాలి అన్నాడు తాత, తను ఏనాడూ వీణ ముట్టని మనిషైనా సరే.

మేలో నూజివీడు ఎండకి ఎపాక్సీ కలపడం ఓ పరీక్ష. రెండు భాగాలు కలపగానే లోపల వేడి పుడుతుంది. మొదటిసారి లోతు గిన్నెలో ఎక్కువ కలిపితే చేతిలో ఉండగానే కాలిపోయి, పొగొచ్చి, రాయైపోయింది. తర్వాత నుంచి వెడల్పు పళ్లెంలో కొంచెం కొంచెం. చేతులకి గ్లోవ్స్, రుద్దేటప్పుడు ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఇంకో కిటుకు: పొద్దున్నే వేయకూడదు. ఎండెక్కే కొద్దీ చెక్కలోని గాలి ఉబ్బి పూతలో బుడగలు లేస్తాయి. సాయంత్రం చెక్క చల్లబడుతున్నప్పుడు వేస్తే పూతని లోపలికి పీల్చుకుంటుంది. అంచులకీ, మేకు రంధ్రాలకీ మూడేసి సార్లు తాగించాం.

ఇసుక చల్లే రోజు సాయంత్రం అంచు జానెడు మేర టేపు వేసి, పూత పూసి, టీ జల్లెడతో రవ్వ ఇసుక బల్ల కనపడనంతగా పోశాం. ఎక్కువైనా పర్లేదు, పట్టాల్సినంతే పడుతుంది, మిగతాది ఆరాక ఊడ్చేయొచ్చు. సరిగ్గా అప్పుడే గాలిదుమారం. ఈ కాలంలో ఇక్కడి రైతుకి దానంత భయం ఇంకోటి లేదు. అందరూ పడవ వదిలేసి కాయల వైపు పరిగెత్తారు. టార్పాలిన్ కప్పేలోగా ఓ చిన్నరసం కాయ సరిగ్గా బల్ల మధ్యలో పడింది. దాని గుర్తు ఇప్పటికీ ఉంది, కోడిగుడ్డంత గుంట.

మర్నాడు ఊడ్చి, పైన లేత బూడిద రంగు పాలీయురెథేన్ పూత రెండుసార్లు వేశాం. ఎపాక్సీ ఒక్కటే ఎండకి ఆగదు, పొడిపొడిగా రాలుతుంది. పైపూత మందంగా వేస్తే ఇసుక మునిగిపోయి మళ్లీ నునుపైపోతుంది, అందుకే పల్చగా. పది రోజులు అలాగే వదిలేశాం. పూత పూర్తిగా గట్టిపడకుండా చేపల నీళ్లలో దించకూడదు. ఆ పది రోజుల్లో నేను తిన్న రసాల లెక్క అడక్కండి.

జూన్‌లో పడవతో పాటు నేనూ కైకలూరు వెళ్లాను. దారిలో ఆటపాక దగ్గర ఆగి పెలికాన్లు చూద్దామంటే మామయ్య వినలేదు. గట్టు మీద ఓ ముసలాయన బల్లని వేలితో రుద్ది చూసి, తమ చిన్నప్పటి తాటిదోనెల గురించి చెప్పాడు. తాటి మాను తొలిచి చేసినవి, ఆ పీచు మీద కాలు ఎలా పెట్టినా ఆగేదట. "దానికి రంగూ లేదు, ఇసకా లేదు" అన్నాడు. అవి ఊగే ఊపుకి ఎంతమంది పడ్డారో మాత్రం చెప్పలేదు.

కుర్రాడు మొదటి గెడ దగ్గర మోకాళ్ల మీదే ఉన్నాడు. అలవాటు. రెండోదాని దగ్గర ఓ కాలు లేపాడు. ఐదో గెడ దగ్గరికి వెళ్లేసరికి లేచి నిలబడి, సంచిని అంచు మీదుగా జార్చి, ముడి వేసి, మా వైపు తిరిగాడు. అతని భార్య చెయ్యి ఊపలేదు. పాక పక్కనున్న మిగిలిన రంగు డబ్బా తీసి ఊపి చూసి, మామయ్యని అడిగింది. "ఇది చాలుద్దా బాబూ, తూము మీది చెక్కకి? రాత్రుళ్లు నీళ్లు వదలడానికి అక్కడే నిలబడతాడు."

డబ్బాలో సగం ఉంది. ఇసుక తీసుకురావడానికి నన్నే పంపించారు.