అలలే అడ్రసు

ఆకుపచ్చ కలిసిన నీలిరంగు మనుషులు. దళసరి తోక. ముంజేతులకు చేప రెక్కల్లాంటి అంచులు. నీళ్లలోకి దిగగానే కళ్లను కప్పేసే పల్చటి పొర. సముద్రం అడుగున మాట పెగలదు కాబట్టి సైగలతోనే కబుర్లు, కోపాలు, అలకలు...

2022 డిసెంబరులో 'అవతార్: ద వే ఆఫ్ వాటర్' చూసొచ్చిన పిల్లలున్న ఇళ్లలో ఆ తర్వాత వారంరోజులు బక్కెట్లో ముఖం పెట్టి ఊపిరి బిగబట్టే పోటీలు జరిగే ఉంటాయి! సినిమా కోసం నటీనటులూ అదే పని చేశారు మరి. కేట్ విన్స్‌లెట్ అయితే శిక్షణలో ఏకంగా 7 నిమిషాలకు పైగా ఊపిరి బిగబట్టింది. పండోరా అనే ఊహాలోకంలో సగం నీళ్లలో, సగం నేలమీద బతికే ఆ జాతి పేరు మెట్‌కయినా. ముఖంమీది పచ్చబొట్లలో న్యూజిలాండ్ మావోరీల ఛాయలు కనిపిస్తాయి. మరి ఆ నీటిమీది ఊరు? ఇండోనేసియాలో గుంజలమీద ఇళ్లు కట్టుకుని, తెప్పలమీద బతికే సమా-బజావుల్లాంటి వాళ్లను కూడా చూశామని దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు.

అంటే పండోరాకు దారి ఉందన్నమాట. కౌలాలంపూర్ వెళ్లి, అక్కణ్నుంచి బోర్నియో దీవిలోని తవావుకు ఇంకో విమానం ఎక్కాలి. అది దిగాక గంట పైచిలుకు రోడ్డు ప్రయాణం. రోడ్డు పొడవునా ఆయిల్‌పామ్ తోటలే. గోదావరి జిల్లాల వాళ్లకు కొత్తేం అనిపించదు. తోటలు అయిపోయేచోట సముద్రం మొదలవుతుంది. ఆ ఊరే సెంపోర్నా. మలేసియాలోని సబా రాష్ట్రపు ఆగ్నేయ తీరం. మలయ్ భాషలో ఆ పేరుకు అర్థం... 'సంపూర్ణం'. మన సంపూర్ణమే అక్కడిదాకా వెళ్లి అలా మారింది!

ఊళ్లోకి దిగగానే మాత్రం సంపూర్ణంగా ఏమీ కనిపించదు. చేపల వాసన, బురద, డైవింగ్ దుకాణాల బోర్డులు, ఆరేసిన రబ్బరు సూట్లు. ఇక్కడికి వచ్చే విదేశీయుల్లో ఎక్కువమంది సిపాదాన్ దీవి కోసమే వస్తారు. సముద్రపు అడుగునుంచి దాదాపు 600 మీటర్లు నిటారుగా లేచిన శిఖరం మీద పచ్చటి టోపీలా ఉంటుందది. తాబేళ్లు, సొరచేపలు, సుడిగాలిలా తిరిగే చేపల గుంపులు... ఈతగాళ్లకు అది తిరుపతి. రోజుకు ఇంతమంది అని లెక్కపెట్టి పంపిస్తారు.

రేవునుంచి పడవ బయల్దేరిన కాసేపటికి నీళ్ల రంగు మారుతుంది. బురద గోధుమ పోయి నీలం, నీలం పోయి గాజులాంటి ఆకుపచ్చ. ఆ పచ్చటి నీళ్లలో కర్రల కాళ్లమీద నిలబడిన ఇళ్లు కనిపిస్తాయి. నేల లేదు, చెట్టు లేదు. ఇంటికీ ఇంటికీ మధ్య నాలుగు పలకల వంతెన, లేదంటే పడవ. నాలుగైదేళ్ల పిల్లలు చెక్కను తొలిచి చేసిన బుల్లి పడవలు నడుపుకుంటూ వచ్చి పర్యాటకుల పడవను చుట్టుముడతారు. పర్యాటకులు ఫొటోలు తీసుకుని ముందుకెళ్లిపోతారు. ఫొటో బాగానే వస్తుంది. కథే అందులో పట్టదు.

పడవలోనే పుట్టి...

ఫిలిప్పీన్స్ దక్షిణ దీవులనుంచి సబా తీరం మీదుగా ఇండోనేసియా తూర్పు దీవుల దాకా ఈ సమా-బజావులు పరుచుకుని ఉన్నారు. అందరినీ కలిపితే సుమారు పదిలక్షలు ఉంటారని అంచనా. వాళ్లలో చాలామంది ఏనాడో ఒడ్డెక్కి రైతులు, ఉద్యోగులు అయిపోయారు. సముద్రాన్ని వదలని వాళ్లు బజావు లావుత్‌లు. 'లావుత్' అంటే సముద్రం.

ఒకప్పుడు వీళ్లకు ఆ గుంజల ఇళ్లు కూడా లేవు. 'లెపా' అనే పడవే ఇల్లు. పైన ఆకుల కప్పు, వెనక పొయ్యి, మధ్యలో సంసారం. ఆ నాలుగడుగుల వెడల్పులోనే పెళ్లి కాపురాలూ పురుళ్లూ. మంచినీళ్ల కోసం, వంటచెరకు కోసం, కర్రపెండలం కోసం ఒడ్డుకు వెళ్లేవాళ్లు. చేపలిచ్చి అవి తెచ్చుకునేవాళ్లు. మనం సగ్గుబియ్యం తీసే కర్రపెండలమే వాళ్లకు అన్నం. తురిమి, నీళ్లు పిండేసి, ఆవిరిమీద ఉడికించుకుంటారు. ముళ్లబంతిలాంటి సముద్రజీవిని శుభ్రంచేసి, ఆ గుల్లలో బియ్యం కూరి వండే 'తెహె-తెహె' పండగ వంటకం. ఆడవాళ్లు ఎండకు చర్మం కమిలిపోకుండా బియ్యప్పిండి ముద్దలో పసుపు కలిపి ముఖానికి పట్టిస్తారు. సన్‌స్క్రీన్ కంపెనీలు పుట్టకముందు నుంచీ ఉన్న అలవాటది.

చిత్రమేంటంటే, బతుకంతా నీళ్లమీదే అయినా చనిపోయాక మాత్రం నేల కావాలి. అందుకోసం కొన్ని చిన్న దీవుల్ని శ్మశానాలుగా ఉంచుకున్నారు. కొన్నిచోట్ల చనిపోయినవాడి పడవనే కోసి శవపేటిక చేసేవాళ్లు. నమ్మకాల్లోనూ ఈ నీరూ నేలా లెక్క కనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కువమంది ముస్లింలే అయినా పాత దేవతలూ వెంట ఉన్నారు. సముద్రానికి అధిపతి ఉంబో దిలావుత్. ఆయన భార్య ఎవరో తెలుసా? అడవి తల్లి! పడవకు కలప ఇచ్చేది అడవే కదా. ఆ పెళ్లి కుదిర్చినవాడెవరో గానీ మంచి లెక్కలే వేశాడు.

సినిమాలో మెట్‌కయినాలకు తిమింగలాల్లాంటి తుల్కున్‌లు ఆత్మబంధువులు. సులవేసి దీవి బజావుల్లో దానికి దగ్గరగా ఉండే ఆచారం ఒకటుంది. బిడ్డ పుట్టగానే మాయను సముద్రానికి అప్పగిస్తారు. అది బిడ్డకు తోబుట్టువని నమ్మకం. పైన ఒకరు, నీళ్లలో ఒకరు. నీళ్లలో ఉన్నవాళ్లను మర్చిపోతే పైనున్న బిడ్డకు జబ్బు చేస్తుందట.

ప్లీహం చెప్పిన కథ

చెక్కతో చెక్కి, గాజుబిళ్లలు అతికించిన కళ్లజోడు. రబ్బరు పట్టీ లాగి ఇనుపచువ్వను వదిలే చెక్క తుపాకి. నడుముకు బరువు. ఆక్సిజన్ సిలిండరు లేదు, గొట్టం లేదు. సులవేసి బజావు వేటగాడి సరంజామా అంతే. ఒక్క గుటక గాలి మింగి దిగుతాడు. అడుగున నడుస్తూ ఆక్టోపస్‌ని వెతుకుతాడు. వేటరోజున పనివేళల్లో సగానికి పైగా నీళ్లలోపలే గడుస్తుందని పరిశోధకులు లెక్కగట్టారు. 70 మీటర్ల లోతుకు దిగేవాళ్లూ ఉన్నారు. 13 నిమిషాలు ఊపిరి బిగబడతారని కూడా రాస్తుంటారు కానీ, దాన్ని కాస్త ఉప్పు తగ్గించుకుని చదవడం మంచిది. రోజువారీ వేటలో మునకలు చాలావరకు నిమిషంలోపే. గొప్పంతా ఒక్క మునకలో లేదు. పైకొచ్చి, నాలుగు శ్వాసలు తీసి, మళ్లీ దిగిపోవడంలో ఉంది. అదీ గంటల తరబడి!

ఇదెలా సాధ్యం? మెలిసా ఇలార్డో అనే పరిశోధకురాలు సులవేసిలోని జయబక్తి అనే ఊరికి వెళ్లింది. (మన జిల్లాల్లో ఎక్కడో ఉండాల్సిన ఊరిలా లేదూ పేరు!) చేతిలో పట్టుకెళ్లగలిగే అల్ట్రాసౌండ్ యంత్రంతో ఆ ఊరివాళ్ల ప్లీహాలు కొలిచింది. ప్లీహం అంటే పొట్టలో ఎడమవైపు ఉండే చిన్న అవయవం. ఆక్సిజన్ నిండిన ఎర్ర రక్తకణాలకు అదో గోదాము. నీళ్లలో మునిగినప్పుడు అది ముడుచుకుని, దాచిన కణాల్ని రక్తంలోకి వదులుతుంది. సీల్ జంతువుల్లోనూ జరిగేది ఇదే. ఆమె 2018లో ప్రకటించిన ఫలితం ఇదీ: దగ్గర్లో నేలమీద బతికే సలువాన్ తెగవాళ్లకంటే బజావుల ప్లీహం దాదాపు 50 శాతం పెద్దది. వేటకు వెళ్లేవాళ్లకే కాదు, ఎన్నడూ మునక వేయని బజావులకు కూడా! అంటే అది సాధనతో పెరిగింది కాదు, తరాలుగా రక్తంలో వస్తున్నది. దాని వెనకున్న జన్యువునూ పరిశోధకులు గుర్తించారు.

కళ్లమీది పొర సంగతో? దానికి జవాబు ఇంకో సముద్ర జాతి దగ్గర దొరికింది. బజావులకు వాయవ్యంగా చాలా దూరంలో, థాయ్‌లాండ్, మయన్మార్ తీరాల్లో మోకెన్‌లు ఉంటారు. మన బంగాళాఖాతానికి ఆవలి గట్టున ఉన్నట్టే. వాళ్ల పిల్లలు నీళ్లలో కళ్లజోడు లేకుండానే చిన్నచిన్న గవ్వలు ఏరుతుంటే స్వీడన్‌నుంచి వచ్చిన అన్నా గిస్లెన్ పరీక్షలు చేసింది. నీళ్లలో యూరప్ పిల్లలకంటే రెట్టింపు స్పష్టంగా చూడగలరని 2003లో రాసింది. మసక నీళ్లలో మామూలుగా కంటిపాప పెద్దదవుతుంది. వీళ్లు దాన్ని సూదిబెజ్జంలా చిన్నది చేసుకుంటారు. ఇది మాత్రం పుట్టుకతో వచ్చిన వరం కాదు. కొద్దివారాలు నేర్పితే స్వీడన్ పిల్లలకూ పట్టుబడింది.

ఆ మోకెన్‌లకు 'లబూన్' అనే కథ ఉంది. సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోతే, మనుషుల్ని తినే అల తిరిగొస్తుందని తాతలు చెప్పిన కథ. 2004 డిసెంబరు 26 ఉదయం సూరిన్ దీవుల దగ్గర సముద్రం వెనక్కి పోయింది. వాళ్లు కొండెక్కారు. ఊరు కొట్టుకుపోయింది, మనుషులు మిగిలారు. అదే ఉదయం అదే అల మన కోస్తాకూ వచ్చింది. వందమందికి పైగా పోయారు. మనకు అలాంటి కథ చెప్పిన తాత లేడు.

సంచార్‌దారు సర్టిఫికెట్ ఎక్కడ?

సినిమాలో మెట్‌కయినాల మీదికి తుల్కున్‌ల మెదడులోని ద్రవం కోసం ఓడలు వచ్చిపడతాయి. సెంపోర్నాలో వచ్చింది ఓడలు కాదు, సరిహద్దులు. బజావులకు ఆ సముద్రమంతా ఒకే వాకిలి. మ్యాపు గీసినవాళ్లకు మాత్రం అది మూడు దేశాలు. 1970లలో ఫిలిప్పీన్స్ దక్షిణాన యుద్ధం ముదిరినప్పుడు ఎంతోమంది పడవలెక్కి సబా వైపు వచ్చేశారు. అంతకుముందు నుంచీ అక్కడ తిరుగుతున్నవాళ్లూ ఉన్నారు. ఎవరు ఎప్పుడొచ్చారో తేల్చే కాగితం ఎవరి దగ్గరా లేదు. పడవలో పుట్టిన బిడ్డకు జనన ధ్రువీకరణ పత్రం ఎవరిస్తారు? పత్రం లేకపోతే ప్రభుత్వ బడిలో చేర్చుకోరు. ఆసుపత్రికి వెళ్తే విదేశీయుల ఫీజు కట్టాలి. పట్నంలోకి వెళ్తే పోలీసులు పట్టుకుంటారని భయం. దీవుల్లో అక్కడక్కడ కుర్రాళ్లు నడిపే చిన్న బళ్లున్నాయి. వాటిలో అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లలు కొందరే.

వేట కూడా మునుపటిలా లేదు. పెద్ద ట్రాలర్లు వచ్చాయి. రెస్టారెంట్లకు బతికున్న చేపలు కావాలంటే కొందరు పగడపు దిబ్బల్లో సైనైడ్ చిమ్మడం, ఇంకొందరు సీసాల్లో మందుగుండు పెట్టి పేల్చడం మొదలెట్టారు. వాళ్లలో బజావులూ ఉన్నారు. సముద్ర పుత్రులని పొగిడే వ్యాసాలు ఆ సంగతి దాటవేస్తాయి కానీ, అది నిజం. టైర్లకు గాలికొట్టే కంప్రెసరుకు గొట్టం తగిలించి, అది పళ్లతో కరిచిపట్టి దిగే కుర్రాళ్లున్నారు. లోతునుంచి గబుక్కున పైకి వస్తే రక్తంలో నత్రజని బుడగలు కట్టి కాళ్లు పడిపోతాయి. పెద్ద ప్లీహం దానికేం సాయం చేయలేదు.

సెంపోర్నా దగ్గరి ఎనిమిది దీవుల్ని కలిపి 2004లో తున్ సకరాన్ మెరైన్ పార్క్‌గా ప్రకటించారు. పగడాల్ని కాపాడుకోవాల్సిందే, కాదనలేం. అయితే 2024 జూన్‌లో అధికారులు ఆ పార్కులో ఉన్న బజావు లావుత్‌ల ఇళ్లు కూల్చేశారు. కొన్నింటికి నిప్పు పెట్టారని కూడా ఆరోపణలు వచ్చాయి. 500 మందికి పైగా నిలువనీడ పోగొట్టుకున్నారని హక్కుల కార్యకర్తలు చెప్పారు. అనుమతి లేని కట్టడాలనీ, సరిహద్దు నేరాలు అరికట్టడానికేననీ ప్రభుత్వం అంది. గుంజలు విరిగాక కొన్ని కుటుంబాలు మళ్లీ పడవల్లోకే చేరాయి. తాతలు వదిలేసిన కాపురం మనవల చేతికొచ్చింది.

ఇదే సెంపోర్నాలో 1994నుంచీ ఏటా 'రెగాటా లెపా' అని పడవల పండగ చేస్తున్నారు. మామూలుగా ఏప్రిల్‌లో జరుగుతుంది. లెపాలకు రంగురంగుల తెరచాపలు కట్టి, పసుపురంగు పట్టుబట్టల్లో అమ్మాయిలు పడవ ముక్కుమీద నిలబడి నాట్యం చేస్తారు. పర్యాటక శాఖ పోస్టర్లలో కనిపించేది ఆ బొమ్మే. హోటళ్లు నిండిపోతాయి. లెపాలో నిజంగా కాపురం ఉండేవాళ్లు ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టగలిగినంతమంది.

సముద్రానికి అటువైపు, ఫిలిప్పీన్స్ రేవుల్లో, ఇంకో వేడుక రోజూ జరుగుతుంది. దానికి పోస్టర్లుండవు. ఓడ బయల్దేరేముందు బజావు పిల్లలు బుల్లి పడవల్లో దాని పక్కకు చేరి చేతులు చాపుతారు. పైనుంచి ఎవరో ఓ నాణెం విసురుతారు. అది మెరుస్తూ అడుగుకు దిగుతుంటే వెనకే ఓ పిల్లాడు దూకుతాడు. ఓడమీద అందరూ వంగి చూస్తారు. నిమిషం కూడా కాకుండానే తల పైకొస్తుంది. పళ్లమధ్య నాణెం.