అడిగితే జెండా పాతే ఊరు

నార్త్‌షైర్ లోయలో దిగిన కొత్త మనిషి కంటికి ముందు ఆనేది కొండలూ కాదు, మఠమూ కాదు. ఎదురుగా నిలబడ్డ సైనికుడి నెత్తిమీద గాలిలో వేలాడే పసుపుపచ్చ ఆశ్చర్యార్థకం. బడిలో ఈ గుర్తును ఆహా, ఓహో అనే మాటల పక్కన పెట్టడం నేర్పుతారు. ఇక్కడ మాత్రం దానికి ఒకటే అర్థం: 'నీకో పని ఉంది, రా'. పని ఒప్పుకున్నాక, దాన్ని ఎవరికి అప్పజెప్పాలో ఆ మనిషి నెత్తిన ప్రశ్నార్థకం వెలుస్తుంది. అది బూడిద రంగులో ఉంటే పని ఇంకా తెమల్లేదని, పచ్చగా మారితే వచ్చి బహుమతి పట్టుకెళ్లమని. ఆశ్చర్యార్థకమే బూడిద రంగులో ఉంటే 'నీకింకా అనుభవం చాలదు, తర్వాత కనబడు' అని మర్యాదగా తిప్పి పంపడం.

అమెరికా కంపెనీ బ్లిజార్డ్ 2004 నవంబర్‌లో తెరిచిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ లోకానికి మానవజాతి ఆటగాళ్లు ప్రవేశించే గుమ్మం ఈ లోయ. ఇక్కడ కత్తి తిప్పడం పది నిమిషాల్లో వస్తుంది. దారి తెలియడానికే రోజులు పడుతుంది.

తెర మీద కుడివైపు పై మూలన గుండ్రటి చిన్న మ్యాప్ ఉంటుంది. దాని నడుమ ఉన్న బాణమే ఆటగాడు. బాణం తిరుగుతుంది కానీ మ్యాప్ తిరగదు, ఉత్తరం ఎప్పుడూ పైనే. ఈ ముక్క తెలియని వాళ్లు మ్యాప్‌లో పైకి ఉన్నదల్లా తమకు ఎదురుగా ఉందనుకుని నదిలోకి నడుస్తారు. జట్టులోని వాళ్లు నీలిరంగు చుక్కలుగా కనబడతారు. మిగతా చుక్కలు ఎవరి వృత్తిని బట్టి వాళ్లకి. మూలికలు ఏరే విద్య నేర్చినవాడికి పొదల మధ్య పచ్చ చుక్కలు మెరుస్తాయి, గని పనివాడికి రాతి మధ్య ఖనిజం, వేటగాడికి జంతువుల ఎర్ర చుక్కలు. రెండు విద్యలున్నా తొలి రోజుల్లో ఒకసారికి ఒకటే కనబడేది. ఒకే అడవిలో పక్కపక్కనే నడుస్తున్న ఇద్దరి మ్యాప్‌లు ఒకలా ఉండవు.

పెద్ద మ్యాప్ తెరిస్తే సగానికి సగం పాత కాగితంలా ఖాళీ. ఎల్విన్ అడవి అని పేరు ఉంటుంది, లోపలి వివరాలుండవు. కాలు పెట్టిన మేరకే అది నిండుతుంది. కొత్త చోట అడుగు పెట్టగానే తెర నడుమ ఆ ఊరి పేరు మెరిసి మాయమవుతుంది, కాసిన్ని అనుభవ పాయింట్లు కూడా జమవుతాయి. చూడటానికి వెళ్లినందుకే కూలి దొరికే లోకం ఇది. డేగ తల, రెక్కలు, సింహం ఒళ్లు ఉన్న గ్రిఫిన్ మీద ఎగిరి వెళ్లాలన్నా, చేరాల్సిన ఊరికి ఒకసారి కాలినడకన వెళ్లి, అక్కడ ఆకుపచ్చ ఆశ్చర్యార్థకంతో నిలబడ్డ మనిషిని పలకరించి ఉండాల్సిందే.

అడవి మధ్య గోల్డ్‌షైర్ అనే చిన్న ఊరు. ఒక సత్రం, ఒక కమ్మరి కొలిమి, ఒక కూడలి. కూడలిలో దారి చూపే చెక్క బోర్డులుంటాయి. అక్కడి నుంచి వాయవ్యంగా వెళితే వీరుల విగ్రహాల మధ్యగా స్టార్మ్‌విండ్ నగర ద్వారం. లోపల కాలువలు, వంతెనలు, ఒకేలా ఉండే సందులు. ఇక్కడ ఈ లోకపు అతి చక్కని ఏర్పాటు ఒకటుంది. గస్తీ సిపాయిని ఆపి బ్యాంకు ఎక్కడని అడిగితే, ఆటగాడి మ్యాప్ మీద అక్కడ జెండా గుర్తు పెడతాడు. చేయి పట్టుకుని తీసుకెళ్లడు, ఎటు తిరగాలో చెప్పడు. కాలువ ఏ వంతెన దగ్గర దాటాలో అడిగినవాడే చూసుకోవాలి. మన ఊళ్లలో 'రావిచెట్టు దాటాక ఎవరినైనా అడగండి' అనేవాళ్లకి ఈ సిపాయి దగ్గరి చుట్టం.

మ్యాప్‌కు తెలియనిది ఎత్తు. గోల్డ్‌షైర్‌కు దక్షిణాన ఉన్న ఫార్గోడీప్ గనికి పైనొక ద్వారం, కిందొక ద్వారం. కాగితం మీద గమ్యం పక్కనే ఉంటుంది, నిజానికి అది ఒక అంతస్తు కింద. నెత్తిన కొవ్వొత్తి పెట్టుకుని తిరిగే కోబోల్డులు ఈలోగా చుట్టుముడతాయి. చనిపోతే ఆత్మ శ్మశానంలో లేస్తుంది, లోకమంతా బూడిద రంగుకు తిరుగుతుంది, చిన్న మ్యాప్ మీద శవం ఎటుందో గుర్తు కనబడుతుంది. అక్కడిదాకా పరిగెత్తి వెళ్లి లేవాలి. ఆ పరుగులో దారులు గుర్తుండిపోయినంతగా మరెప్పుడూ ఉండిపోవు.

అంతకుముందు పరిస్థితి మరీ కఠినం. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో అసలు మ్యాపే లేదు. దిక్కు పసిగట్టడం అక్కడొక విద్య. సాధన చేస్తేనే ఉత్తరమెటో తెలిసేది, అదీ అన్నిసార్లూ కాదు. చేత్తో గీసిన మ్యాప్‌లను ఇంటర్నెట్ నుంచి ప్రింటు తీసి కంప్యూటర్ పక్కన పెట్టుకుని ఆడేవారు. ఆటలోకే మ్యాప్ వచ్చింది 2003లో. ఆ లెక్కన వార్‌క్రాఫ్ట్ తొలి మ్యాప్ ఉదారమైనదే. అయినా పని ఎక్కడుందో అది చెప్పేది కాదు. చదువుకోవాల్సింది పని ఇచ్చినవాడి మాటలే: దక్షిణాన గని, నది పక్కన శిబిరం. బారెన్స్ మైదానంలో మ్యాంక్రిక్ అనే ఓర్క్, యుద్ధంలో తప్పిపోయిన భార్యను వెతకమంటాడు. చోటు కచ్చితంగా చెప్పడు. ఆ మైదానంలో తిరిగిన ఆటగాళ్లు ఏళ్ల తరబడి ఒకరినొకరు అడిగిన ప్రశ్న అదే: మ్యాంక్రిక్ భార్య ఎక్కడ?

2009 డిసెంబర్‌లో వచ్చిన మార్పుతో పని ఉన్న చోట్లు అంకెలతో సహా మ్యాప్ మీదకొచ్చాయి. మేలే జరిగింది. ఆఫీసు నుంచి వచ్చి గంటసేపు ఆడుకునేవాడికి అరగంట వెతుకులాట వినోదం కాదు. కానీ చూపు నేల మీద నుంచి మూలనున్న వలయంలోకి జరిగింది. మరుసటి ఏడాది పాత ఖండాల మీదుగా సొంత వాహనంపై ఎగిరే వీలొచ్చింది, దాంతో కూడలి బోర్డుల అవసరం తీరింది. అదే 2010లో డెత్‌వింగ్ అనే మహాసర్పం పేరిట నేలనే తిరగరాశారు. స్టార్మ్‌విండ్‌లోని పార్కు కాలి శిథిలమైంది, బారెన్స్ నడుమ అగాధం తెరుచుకుని అది ఉత్తర, దక్షిణ భాగాలైంది. మ్యాప్ అక్కర్లేకుండా ఆ మైదానాన్ని దాటగలిగిన పాతకాపులు అక్కడ కొత్తవాళ్లయ్యారు.

వాళ్ల కోరిక మీద 2019 ఆగస్టులో కంపెనీ పాత లోకాన్ని క్లాసిక్ పేరుతో మళ్లీ తెరిచింది. పగలని బారెన్స్, కాలని పార్కు, పని చోట్లు చూపించని పాత మ్యాప్. చాలామంది చేసిన మొదటి పని, ఆటగాళ్లే తయారుచేసిన క్వెస్టీ అనే ఉచిత సాధనం తగిలించి ఆ మ్యాప్ నిండా గుర్తులు పెట్టుకోవడం. అది తగిలించుకోని వాళ్లు గోల్డ్‌షైర్ కూడలిలో బోర్డు చదువుతూ ఆగారు. బారెన్స్‌లో మాత్రం పాత ప్రశ్నే మళ్లీ మొదలైంది. కొందరు నిజంగా తెలియక, కొందరు పాత రోజులు గుర్తొచ్చి అడిగారు. దక్షిణంగా వెళ్లు, రోడ్డుకు కాస్త పక్కన గుడిసె కనబడుతుంది, అక్కడ చూడు అని ఎవరో ఒకరు జవాబిస్తూనే ఉన్నారు.