పదిహేను రోజుల సంకల్పం

హనఫీ ఫిఖ్హ్‌లో ప్రయాణీకుని నమాజుకు సంబంధించిన అధ్యాయాన్ని నేను పాతికేళ్ళకు పైగా పిల్లలకు బోధిస్తున్నాను. సుమారు 77 కిలోమీటర్లు, అంతకు మించిన దూరానికి బయలుదేరినవాడు నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా కుదించి చేస్తాడు. వెళ్ళిన ఊళ్ళో పదిహేను రోజులు, లేదా అంతకన్నా ఎక్కువ కాలం ఉండాలని సంకల్పిస్తే మాత్రం అతడు ప్రయాణీకుడు కాడు, పూర్తి నమాజు చేయాలి. ఈ పాఠం చెప్పినప్పుడల్లా నాకు అలీగఢ్ గుర్తుకు వస్తుంది.

తమిళనాడులోని ఉమరాబాద్ జామియా దారుస్సలాంలో ధార్మిక విద్య ముగించి, సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా బి.ఏ. పూర్తిచేసి, 1993లో అరబీ ఎం.ఏ. కోసం నేను అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చేరాను. విజయవాడలో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ చేరి, అక్కడినుండి హౌరా మార్గంలో మరో 130 కిలోమీటర్లు ప్రయాణించాలి. రైలు పట్టాలకు ఒకవైపు తాళాల తయారీకి పేరుపొందిన పాత పట్టణం. మరొకవైపు విశ్వవిద్యాలయం, దానిని ఆశ్రయించుకున్న పుస్తకాల దుకాణాలు, టీ హోటళ్ళు, రిక్షాలు. పట్టాలకు ఇవతల నివసించేవారికి విశ్వవిద్యాలయమే ఊరు. సెలవులు ఇచ్చారంటే ఊరే ఖాళీ అయినట్లుండేది. అన్నట్టు, తాళాల ఊళ్ళో రెండేళ్ళు ఉండి కూడా మా గదికి తాళం వేసిన జ్ఞాపకం నాకు లేదు.

రెండేళ్ళు ఉండాలనే సంకల్పంతో వెళ్ళాను కనుక మొదటి రోజునుండే నమాజు పూర్తిగా చేశాను. మనసు మాత్రం చాలాకాలం ప్రయాణంలోనే ఉండిపోయింది. పూటపూటా రొట్టె, అన్నం ఎప్పుడో గాని కనిపించదు. జనవరి మొదట్లో సూర్యుడు ఏడు గంటలు దాటితేగాని ఉదయించడు. పొగమంచులో ఫజ్ర్‌కు వెళ్తుంటే ముందు నడిచే మనిషి దగ్గు వినిపిస్తుంది గాని మనిషి కనిపించడు. జూన్‌లో మగ్రిబ్ ఏడుంపావు దాటాక గాని రాదు. కోస్తా తీరంలో పుట్టినవాడికి ఈ తేడాలు శరీరానికే తెలుస్తాయి. ఇక భాష. నేను మాట్లాడే దక్కనీలోని ‘నక్కో’, ‘హౌ’ వినాలని నా గది సహచరులు పనిగట్టుకుని నన్ను మాట్లాడించేవారు. వారిలో ఒకరు కాశ్మీరీ, మరొకరు బీహారీ. ఆ నవ్వులో ద్వేషం ఉండేది కాదు. అక్కడ విద్యార్థులు ఒకరినొకరు ‘పార్ట్‌నర్’ అని పిలుచుకుంటారు. పెద్ద తరగతివారు చిన్నవారిని వెంటబెట్టుకుని వెళితే టీ డబ్బు చిన్నవారిని ఇవ్వనివ్వరు. మా మదర్సాలలో కూడా ఇటువంటి ఆచారం ఉంటే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది.

అసలు కష్టం చదువుతో వచ్చింది. మదర్సాలో ఉస్తాద్ ముందు కూర్చుని ఒక గ్రంథాన్ని పంక్తి పంక్తిగా, ప్రతి పదానికీ వ్యాకరణం చెబుతూ చదివినవాణ్ణి నేను. ఇక్కడ అధ్యాపకులు ఒక విషయం పేరు చెప్పి, వెళ్ళి వెతికి రాసుకుని రమ్మనేవారు. ఏడంతస్తుల మౌలానా ఆజాద్ గ్రంథాలయంలో ఏ అల్మారా ముందు నిలబడాలో తెలిసేది కాదు. అరబీ వ్యాకరణంలో నన్ను తప్పుపట్టినవారు లేరు, కాని దినపత్రికల అరబీ నాకు కొత్త. పరిశోధన వ్యాసాలలో అధికభాగం ఆంగ్లంలో ఉండేవి. ఒక పేజీకి ఒక సాయంత్రం పట్టేది.

డిసెంబరులో అబ్బాజాన్‌కు ఉత్తరం రాశాను, తిరిగి వచ్చేస్తానని. ఆయన మా ఊళ్ళో దర్జీ. ఖుర్ఆన్ పారాయణం చేసేవారు గాని ఉర్దూ రాయడం రాదు. మా ఉత్తరాలన్నీ తెలుగులోనే. జవాబు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. “వస్తే రా, నాయనా. నీ మంచం నీ చోటనే ఉంది. షేర్వాణీకి నల్ల గుడ్డ కొన్నాను. ఛాతీ కొలత పంపితే కత్తిరిస్తాను” అని మాత్రమే ఉంది. అలీగఢ్‌లో సభలకు, ఉత్సవాలకు నల్ల షేర్వాణీ ధరించడం సంప్రదాయమని ఎప్పుడో ఒకసారి రాశాను. ఆయన జీవితంలో షేర్వాణీ కుట్టి ఎరుగరు. ఖాజీ గారి పాత షేర్వాణీ అడిగి తెచ్చి, కుట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో లోపలివైపు తిప్పి చూసుకున్నారని తరువాత అమ్మీ చెప్పింది. ఆ గుడ్డ ఖరీదెంతో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బీహారీ సహచరుడు టేపు పట్టుకుంటే కొలత రాసి పంపాను.

1994 ఫిబ్రవరిలో రమజాను మొదలయ్యే నాటికి పార్సిలు వచ్చింది. మడతల మధ్య గోంగూర పచ్చడి సీసా. ఒక భుజానికి నూనె అంటింది, నేటికీ పోలేదు. ఆ నెలలో సహరీ వేళ మా గదిలో రొట్టెతో గోంగూర తినని మిత్రుడు లేడు. కాశ్మీరీ సహచరుడు ఆ గుండ్రని లిపిని చూసి, ఉత్తరం పైకి చదివి వినిపించమన్నాడు. అర్థం కాకపోయినా చివరిదాకా విన్నాడు. ఆ విశ్వవిద్యాలయ ఆధునిక భారతీయ భాషల విభాగంలో ఇప్పుడు తెలుగు కూడా బోధిస్తున్నారని వింటే, అతడు గుర్తుకు వచ్చాడు.

అప్పటినుండి గ్రంథాలయంలో నా కుర్చీ ఏదో నాకు తెలిసింది. దక్కనుకూ ఆ విద్యాలయానికీ ఉన్న బంధాలు చదువుతుంటే పరాయితనం కొంత తగ్గింది. సర్ సయ్యద్ 1875లో పాఠశాలగా ప్రారంభించిన ఆ సంస్థ 1920లో విశ్వవిద్యాలయమైంది. ఆయన మనుమడు రాస్ మసూద్ హైదరాబాదు రాజ్యంలో విద్యాశాఖకు అధిపతిగా పనిచేసి, 1929లో అక్కడ ఉపకులపతి అయ్యారు.

వేసవి సెలవులకు ఇంటికి వచ్చి తిరిగి వెళ్ళాను. స్వస్థలానికి వెళ్ళివస్తే, నివాసంగా ఎంచుకున్న ఊరికి ఆ హోదా రద్దవుతుందని, మళ్ళీ సంకల్పం చేసుకోవాలని మా గ్రంథాలలోని ప్రసిద్ధ అభిప్రాయం. స్టేషనులో దిగి జుహ్ర్‌కు నిలబడినప్పుడు ఆ సంకల్పం కోసం నేను వెతుక్కోవలసిన అవసరం కలగలేదు.

ఈ ఏడు మా మదర్సా నుండి ఇద్దరు పిల్లలు అక్కడికి వెళ్తున్నారు. ఇంటికి పంపేముందు ఒక సంవత్సరం పాటు రోజూ ఒక ఆంగ్ల పేజీ చదివించాను. అది వారికి నచ్చలేదు, నేను వదలలేదు. మొన్న వారిలో ఒకరి తల్లి వచ్చి, “మౌలానా సాబ్, అక్కడ అన్నం దొరుకుతుందా?” అని అడిగింది. దొరుకుతుందమ్మా, పచ్చడి సీసాను మాత్రం బట్టల మధ్య పెట్టకండి అన్నాను.