విమానానికి దుమ్ము మేకప్!

‘మాయాబజార్’ చూడని తెలుగువాళ్లు మనలో ఎవరైనా వున్నారా? వుంటే ముందు వెళ్లి చూసి రండి, తర్వాత మాట్లాడుకుందాం! చూసినవాళ్లు ఆ ద్వారకను ఒక్కసారి కళ్ల ముందుకు తెచ్చుకోండి. దీపాల వెలుగులో మెరిసిపోయే ఆ మహానగరం ఎంత వుండేదంటారు? 50 అడుగులకు 60 అడుగులు! అందులో సుమారు 300 బొమ్మ ఇళ్లు! 1957లో థియేటర్లలో జనం నోళ్లు తెరుచుకుని చూసిన ద్వారక అంతే. కళాదర్శకులు గోఖలే, కళాధర్‌ల చేతులు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే కన్ను... అవి కలిసి బొమ్మను నగరం చేసేశాయి.

అసలు మనం సినిమానే ‘బొమ్మ’ అంటాం గదా! “బొమ్మ పడిందా?” “బొమ్మ అదిరింది!” అనుకుంటాం. బొమ్మ అని తెలిసీ నమ్మడంలో వున్న మజా తెలుగువాడికి ఒకరు నేర్పాలా?

నేనూ బొమ్మలు చేస్తాను. నగరాలు కాదు, యుద్ధ విమానాలు. వనపర్తిలో మా డాబా మీద రేకుల గదిలో ఒక బల్ల, ఒక దీపం, రంగుల సీసాలు. పగలు పత్రికలకు రాతలు, రాత్రి విమానాలకు పూతలు. రాజావారి ప్యాలెస్‌లోని పాలిటెక్నిక్‌లో చదివే కుర్రాళ్లు అప్పుడప్పుడూ వచ్చి చూసిపోతుంటారు. వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: “అన్నా, ఇంత కష్టపడి కొత్త విమానం చేసి, మళ్లా దానికి మసి పూస్తవేందన్నా?”

మంచి ప్రశ్నే. ఈ వ్యాసమంతా దానికి జవాబు.

అంగుళానికి ఆరడుగులు

మొదట బొమ్మ సంగతి. పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలకు విమానం ముక్కలు కాయల్లా వేలాడుతుంటాయి. వాటిని కత్తిరించాలి. గరుకు కాగితంతో నున్నగా చెయ్యాలి. సబ్బునీళ్లతో కడిగి జిడ్డు వదిలించాలి. పైలట్ కూర్చునే గదిని ముందే పూర్తి చెయ్యాలి, తర్వాత చెయ్యి దూరదు. జిగురు పెడితే ప్లాస్టిక్ కాస్త కరిగి రెండు ముక్కలూ ఒకటైపోతాయి. సందులు పూడ్చి, అస్తరు కొట్టి, అప్పుడు రంగు.

ఈ కళకు ఎక్కువగా వాడే కొలత 1/72. అంటే అసలు విమానంలో ఆరడుగులు మన బొమ్మలో ఒక్క అంగుళం. ఇంగ్లండులో ఫ్రాగ్ అనే కంపెనీ 1936లోనే ఈ కొలతలో ప్లాస్టిక్ విమానాలు అమ్మింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకాశంలో కనిపించేది మనవాడి విమానమా, పగవాడి విమానమా అని సైనికులకు నేర్పడానికి కూడా ఈ కొలత బొమ్మలే వాడారు. పిల్లలాట అనుకునేరు!

ఈ లెక్కన అసలు మిగ్-21కి రెక్కల చివరి నుంచి చివరికి 7.15 మీటర్లయితే, నా బల్ల మీద అది 10 సెంటీమీటర్లకు లోపే. పైలట్ నిలబడితే అంగుళం కూడా వుండడు. ఇక్కడే వుంది కిటుకు. బొమ్మ మీద నేను ఒక మిల్లీమీటరు గీత గీస్తే, అసలు విమానం మీద అది 72 మిల్లీమీటర్లు! దాదాపు మూడంగుళాల గాయం. అందుకే ఇక్కడ చెయ్యి తగ్గించినవాడే మొనగాడు. క్లోజప్‌లో ఓవర్ యాక్షన్ చేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

మేకప్ గది

కుర్ర హీరోని ముసలివాణ్ని చెయ్యాలంటే తలకు తెల్లరంగు పూస్తే చాలదు గదా. నుదుటి మీద ముడత ఎక్కడ పడుతుందో, చెంప ఎక్కడ జారుతుందో మేకప్ మనిషికి తెలియాలి. విమానానికీ అంతే. పని చేసిన ఆనవాళ్లను పూతలతో తెప్పించడమే ఈ విద్య.

ఎండ మొదటిది. డాబా మీద ఆరేసిన దుప్పటిలాగే రెక్కల పైభాగం వెలుస్తుంది, అడుగుభాగం వెలవదు. అందుకని పైన అసలు రంగులో కొంచెం తెలుపు కలిపి, గాలితో చిమ్మే తుపాకీతో పలచగా అక్కడక్కడా వెయ్యాలి. తర్వాత నిగనిగలాడే పూత ఒకటి. నీళ్లలో నానబెట్టిన గుర్తులు, అంకెలు దాని మీద అంటించాలి. ఇప్పుడు నూనె రంగును బాగా పలచన చేసి రేకుల అతుకుల్లోకి వదిలితే కాటుక గీతలా దానంతటదే పాకిపోతుంది. మిగిలింది గుడ్డతో తుడవాలి, అదీ ముక్కు నుంచి తోక వైపుకే. గాలి పోయే దారి అదే కాబట్టి.

రంగు రాలడం మరో ముచ్చట. వెండిరంగు వేసి, దాని మీద జుట్టుకు కొట్టుకునే స్ప్రే కొట్టి, ఆపైన అసలు రంగు వేస్తే, తడి కుంచెతో రుద్దినచోట పైరంగు లేచిపోయి కింది వెండి తొంగిచూస్తుంది. బాగుంది గదా అని అంతటా రుద్దితే పరువు పోతుంది! హరికేన్ విమానానికి వెనక భాగం రేకు కాదు, గుడ్డ. గుడ్డలోంచి వెండి ఎలా తొంగిచూస్తుంది? పైలట్ ఎక్కే రెక్క మొదట్లో, మాటిమాటికీ తీసి బిగించే మరల దగ్గర... అక్కడే రాలుతుంది. పొగ గొట్టాల వెనక మసికి రంగు సుద్ద నూరి పొడి చేసి మెత్తటి కుంచెతో అద్దాలి. ఆఖరికి మెరుపు చంపే పూత.

ఈ రహస్యం హాలీవుడ్‌కీ తెలుసు. 1977లో మనవాళ్లు ‘అడవిరాముడు’కి ఈలలు వేస్తున్న ఏడాదే అక్కడ ‘స్టార్ వార్స్’ వచ్చింది. అందులో అంతరిక్ష నౌకలకు మా బోటివాళ్లు కొనే ట్యాంకుల, విమానాల కిట్లలోంచి ముక్కలు పీకి అతికించారు. ఆపైన మసి పూశారు, గీతలు పెట్టారు. తళతళలాడే నౌకలు అంతకుముందు బోలెడన్ని చిత్రాల్లో వచ్చాయి. మురికి నౌకలను చూశాకే జనం ‘ఇందులో ఎవరో నిజంగా తిరుగుతున్నారు’ అనుకున్నారు. ఈనాడు విమానాలు కంప్యూటర్లలో పుడుతున్నాయి. 2024లో వరుణ్ తేజ్ ఫైటర్ పైలట్‌గా వచ్చిన ‘ఆపరేషన్ వాలెంటైన్’ లాంటి చిత్రాల కాలం ఇది. కానీ తెర మీద మసి లేని విమానం మనకు ఇప్పటికీ బొమ్మలాగే కనిపిస్తుంది.

మన పేరున్న విమానాలు

హైదరాబాద్ పేరు రాసుకుని యూరప్ ఆకాశంలో ఎగిరిన యుద్ధ విమానాలున్నాయని మీలో ఎంతమందికి తెలుసు? మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన సొమ్ముతో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ విమానాలు సమకూరాయి. 1918లో అవి ఫ్రాన్స్ చేరాయి. ఒక్కొక్కదాని మీదా నిజాం కానుక అని, హైదరాబాద్ నంబరు ఇంత అని రాసి వుండేది. వాటిలో ఒకటి, ‘హైదరాబాద్ 12ఏ’, ఆ ఏడాది అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో చాలాకాలం వుండి, పోలండు చేరి, 1977లో మళ్లీ ఇంగ్లండు వచ్చింది. మల్టీస్టారర్ కథలో కూడా ఇన్ని మలుపులుండవు!

రెండో ప్రపంచ యుద్ధంలో 152వ స్క్వాడ్రన్, 253వ స్క్వాడ్రన్ హైదరాబాద్ పేరు పెట్టుకున్నాయి. 152 వాళ్ల ముద్ర మీద ఏకంగా నిజాం తలపాగానే వుంటుంది. బర్మా యుద్ధంలో వాళ్ల స్పిట్‌ఫైర్ల మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ గీసుకున్నారు. పేరు హైదరాబాద్‌ది, తలపాగా నిజాంది. మరి ఖజానాలోకి సొమ్ము ఎక్కణ్నుంచి వచ్చింది? రైతు కట్టిన శిస్తు, సంస్థానాలు కట్టిన పేష్కష్. మా వనపర్తి సంస్థానమూ కట్టింది. ఆ పేర్లు ఏ విమానం మీదా రాయలేదు.

అందుకే నా చిరుతపులి స్పిట్‌ఫైర్ చక్రాలకు దుకాణంలో కొన్న దుమ్ము పొడి వాడలేదు. మా ఊరి చెలక మట్టిని పల్చటి గుడ్డలో జల్లించి అద్దాను. శిస్తు కట్టిన మట్టి గదా, దానికీ ఒక టైటిల్ కార్డు వుండాలి!

పెద్దనాయన బండి

మా పెద్దనాయన వైమానిక దళంలో ఫిట్టర్. ఎగిరినవాడు కాదు, ఎగిరించినవాడు. ఆయన నౌకరీ అంతా మిగ్-21ల దగ్గరే గడిచింది. మన దళంలోకి 1963లో వచ్చిన ఆ విమానం 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. ఆ వీడ్కోలు టీవీలో చూస్తూ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. మూడో రోజు మెట్లెక్కి నా గదికొచ్చి కూర్చున్నాడు.

“బిడ్డా, నా బండి చేస్తవా?”

చెయ్యనా మరి! అసలు రంగు వెయ్యకముందే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క మరకా అడిగి తెలుసుకున్నాను. ఏ పుస్తకంలోనూ ఇంత వివరం నాకు దొరకలేదు.

“నిలవడ్డప్పుడు కారే నూనె వేరు బిడ్డా, ఎగిరేటప్పుడు కారేది వేరు. నిలవడితే కిందికి కారుతది. ఎగిరితే గాలి ఎట్ల గుంజితే అట్ల ఎనకకు పోతది. తోకకాడ మసి వుంటది, గని ఆడ లోహం కాలి నీలం రంగుకు తిరుగుతది, అది మసి కాదు. దిగినంక ఎనకకు గుడ్డ గొడుగు ఇచ్చుకుంటది గదా, దాన్ని ఏరుకొచ్చి మళ్ల మడత పెట్టేది మేమే. ఆ డబ్బా మూతకాడ రంగు వుండనే వుండదు, మా చేతులకే పోతది.”

నేను రాసుకుంటున్నాను. పైలట్ కూర్చునేచోట అద్దం మీద కొంచెం దుమ్ము అద్దనా అని అడిగాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

“అద్దం ముట్టకు. పొద్దుగాల మెత్తటి గుడ్డతోని తుడిచేటోళ్లం. నువ్వుగింజంత మరకున్నా పైలట్ సారుకు దూరంగ వచ్చే విమానం లెక్క కనవడ్తది. రెక్క మీద ఎంత మురికన్న వుండని, అద్దం మాత్రం అద్దం లెక్కనే వుండాలె.”

కాసేపాగి తనే చెప్పాడు. నాలుగు విమానాలు వెళ్తే నాలుగూ వచ్చేదాకా వాళ్లెవరూ చాయ తాగేవాళ్లు కాదట. నిచ్చెనలు పట్టుకుని ఆకాశం వంక చూస్తూ లెక్కబెట్టుకునేవాళ్లట. ఒక సాయంత్రం మూడే వచ్చాయి.

“రానిదాని అద్దం ఆ పొద్దు తుడిచింది నేనే. బాగనే తుడిచిన. అందరు అదే చెప్పిన్రు. నలభై ఏండ్ల సంది నేను గూడ అదే చెప్పుకుంటున్న.”

నేనేం మాట్లాడగలను? ఆయన కళ్లకు ఇప్పుడు పొర కమ్మింది. అయినా అద్దం ముక్క తీసి తన పంచె కొంగుతో తుడిచి, దీపానికి అడ్డంపెట్టి చూసి, మళ్లీ తుడిచి నా చేతికిచ్చాడు. బొటనవేలి గోరంత అద్దం. దాన్ని జిగురు పొగ తగలకుండా అంటించడానికి నాకు ఒక రాత్రంతా పట్టింది.

శుభం కార్డు పడ్డాక

ఇదీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ప్రశ్నకు జవాబు. మసి అందం కోసం కాదు. విమానం ముక్కు మీద కానుక ఇచ్చినవాడి పేరుంటుంది. పైలట్‌కు పతకం వస్తుంది. మరలు బిగించినవాడికీ, గొడుగు మడత పెట్టినవాడికీ, శిస్తు కట్టినవాడికీ పేరెక్కడుంది? రెక్క మీద అరిగిన రంగే వాళ్ల సంతకం. ఎవరి చెయ్యి తగిలితే ఆ మరక పడిందో తెలిసి పెడితేనే అది విద్య, లేకపోతే ఉత్త మురికి. ఎక్కడ మరక పెట్టకూడదో తెలియడం అంతకన్నా పెద్ద విద్య.

ఈసారి యుద్ధ విమానాల చిత్రానికి వెళ్లినప్పుడు హీరో నడకతో పాటు విమానాన్ని కూడా చూడండి. రెక్క మొదట్లో రంగు అరిగిందా? తోక దగ్గర లోహం కాలిందా? అద్దం తళతళలాడుతోందా? వుంటే ఆ చిత్రానికి పనిచేసిన కళాదర్శకుడెవరో, గ్రాఫిక్స్ కుర్రాడెవరో పనిమంతుడని లెక్క. వాళ్ల పేర్లు ఆఖర్న చిన్న అక్షరాల్లో పైకి పాకుతుంటాయి. మీరేమో అప్పటికే స్కూటర్ స్టాండ్ దగ్గర వుంటారు!

కాస్త ఆగండి. ఆ నాలుగు నిమిషాలూ కూర్చుని చదవండి. అద్దం తుడిచినవాళ్లంతా ఆ జాబితాలోనే వుంటారు.