ధర, దాని వెనుక విలువ
ఎల్లారెడ్డిలోని మా ఇంటి ముందర అబ్బాజాన్ నడిపిన అంబాసిడర్ కారు తుప్పు పడుతున్నది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. బాగుచేసుకోవాలని నిశ్చయించి, గ్రైండర్ కొరకు తమ్మునితో కామారెడ్డి వెళ్లాను.

హార్డ్‌వేర్ దుకాణంలో చవకవి చాలానే ఉన్నాయి. కారు రేకుకూ ఇంటి పనులకూ నాలుగంగుళాల, అనగా 100 మిల్లీమీటర్ల డిస్కు పట్టేది చాలు. అంతకంటె పెద్దది చేతికి బరువు. వేగం తగ్గించుకొనే వీలున్న దానికి కొంత ఎక్కువ అడిగారు. అయినా అదే తీసుకున్నాము. పలుచని రేకును అతివేగంగా రుద్దితే వేడెక్కి వంకరపోతుంది. అరిగే కార్బన్ బ్రష్‌లు దొరుకుతాయో లేదో కూడా అడిగాము. యంత్రం నిమిషానికి 11,000 చుట్లు తిరిగేదైతే, డిస్కుపై ముద్రించిన వేగం అంతకు తగ్గరాదు. తగ్గితే డిస్కు పగిలి ఎగిరే ప్రమాదముంది.

"గార్డు తీసేస్తే పని సులువు కదా, భాయీజాన్?" అన్నాడు తమ్ముడు. అతడు దర్జీ; ఆ కళ్లూ చేతులే ఇంటికి ఆధారం. అవి మన వద్దనున్న అమానత్ అని చెప్పి, కంటి అద్దాలూ ముఖ కవచమూ కూడా కొన్నాను. మొత్తం ఖర్చు అనుకున్నదానికి మించింది.

మరునాడు బ్యాటరీ తీగ విప్పి, పెట్రోలు డబ్బానూ నూనె గుడ్డలనూ దూరంగా పెట్టి, గార్డు బిగించే పని మొదలుపెట్టాము.